కామా తేడా వస్తే దొంగ మెయిలేనా?

గాజువాక నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరమే రాశారు. తన పేరు, కంపెనీ పేరు బయటపెట్టొద్దని కోరారు. ఆటోనగర్‌లో ఆవిడ మేనమామగారికి పంపులు, వాల్వులు, వాటి స్పేర్ పార్టులు సప్లై చేసే వ్యాపారం ఉంది. ఫిషింగ్ హార్బర్ బోట్ల దగ్గర నుంచి పరవాడ ఫార్మా కంపెనీల దాకా కస్టమర్లున్నారు. పెళ్లికి ముందు నుంచీ అక్కడ అకౌంట్స్ చూస్తున్నది ఈవిడే. మెయిళ్లు చూడటం, కొటేషన్లు పంపడం, పేమెంట్లు వేయడం అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరుగుతాయి.

కిందటి వేసవిలో కోయంబత్తూరు పంపుల కంపెనీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. 'మా అకౌంట్‌లో ఆడిట్ జరుగుతోంది, ఈ నెల బిల్లు ఈ కొత్త అకౌంట్‌కి వేయండి' అని. మామయ్య ఫోన్‌లో చూసి, 'పార్టీ తొందరపడుతున్నట్టున్నాడు, వేసేయమ్మా' అన్నారు. ఈవిడ కంప్యూటర్లో తెరిచి చూస్తే పంపినవాళ్ల లైన్ తేడాగా కనిపించింది. పేరు ఉండాల్సిన చోట కంపెనీ మెయిల్ ఐడీ ఉంది, దాని పక్కన బ్రాకెట్లో ఇంకేదో జీమెయిల్ ఐడీ ఉంది. కోయంబత్తూరుకి ఫోన్ చేస్తే 'మేం పంపలేదు' అన్నారు. నాలుగు లక్షల చిల్లర పోకుండా ఆగింది. "ఆ రోజు ఎవరూ నన్నేమీ అనలేదండీ, మంచి మాట కూడా" అని రాశారు.

ఆ భయం మీద ఆవిడ, కంపెనీ మెయిల్ నడిపే హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన కంట్రోల్ ప్యానెల్లో (సెట్టింగ్స్ పేజీలో) ఫిల్టర్లు, అంటే వచ్చే మెయిళ్లని వడకట్టే నియమాలు పెట్టారు. పంపినవాళ్ల పేరులో @ ఉన్నా, కామా ఉన్నా, అర్థంకాని గుర్తులున్నా, ఫ్రమ్‌లో (పంపినవాళ్ల లైన్లో) ఒక ఐడీ, రిప్లై-టూలో (మన జవాబు వెళ్లే ఐడీ లైన్లో) ఇంకో ఐడీ ఉన్నా మెయిల్ డిస్కార్డ్ అయిపోవాలి, అంటే చేరకుండానే పోవాలి. కొన్ని నెలలు చెత్త తగ్గింది, టెన్షన్ తగ్గింది. తర్వాత పోర్టులో పనులు చేసే ఒక కాంట్రాక్టరు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది: "రెండుసార్లు ఎంక్వయిరీ పెట్టాం, కొటేషన్ ఇవ్వరేంటండీ? నిన్నటితో గడువైపోయింది." ఆర్డరు వేరేవాళ్లకి పోయింది. వాళ్ల కంప్యూటర్లోంచి ఆ మెయిల్ ఫైలుని వాట్సాప్‌లో తెప్పించుకుని చూస్తే, ఫ్రమ్ లైన్లో కంపెనీ పేరు, తర్వాత కామా, తర్వాత విశాఖపట్నం. ఆ కామాని చూసే ఫిల్టర్ మెయిల్‌ని మింగేసింది.

అప్పటి నుంచి మామయ్య ముభావంగా ఉంటున్నారు. బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి ఈమధ్యే వ్యాపారంలో చేరిన బావ, 'ఆ ఫిల్టర్లన్నీ పీకెయ్, దొంగ మెయిల్ ఏదో చూస్తే తెలీదా' అంటున్నాడట. ఇంటికి వెళ్తే భర్త, 'మాటలు పడుతూ అక్కడెందుకు, మానెయ్' అంటున్నారు. నేను చేసింది తప్పా, హెడర్లో (మెయిల్‌ని ఎవరు, ఎప్పుడు, ఏ దారిన పంపారో చెప్పే పై లైన్లలో) ఏ తేడాని నమ్మాలి, ఏది వదిలేయాలి, అసలు ఈ ఉద్యోగంలో ఉండాలా వద్దా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

జవాబు

అమ్మా, మీరు ఉత్తరంతో పాటు పంపిన రెండు మెయిళ్ల హెడర్లూ పూర్తిగా చదివాను. ముందు ఆ వేసవి మెయిల్ సంగతి చెప్తాను. అందులో ఒక విషయం మీ మామయ్యగారికీ బావగారికీ తెలిసినట్టు లేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మెయిల్‌కి మూడు పరీక్షలుంటాయి. డొమైన్ అంటే ఐడీలో @ తర్వాత ఉండే పేరు. పంపిన సర్వర్‌కి ఆ డొమైన్ అనుమతి ఉందా అని ఎస్‌పీఎఫ్, డొమైన్ సంతకం సరిపోయిందా అని డీకిమ్, వీటిలో ఒకటైనా ఫ్రమ్‌లో కనిపించే డొమైన్‌తో కలిసిందా అని డీమార్క్ చూస్తాయి. ఆ దొంగ మెయిల్ మూడింట్లోనూ పాసైంది. మీ సర్వర్ దాన్ని ఏ అనుమానమూ లేకుండా ఇన్‌బాక్స్‌లో వేసింది. అంటే ఆ రోజు మీ కళ్లు తప్ప దాన్ని ఆపగలిగింది ఇంకేదీ లేదు. ఎలా పాసైందో అర్థమైతే మీ రెండో ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

మెయిల్ పంపే పద్ధతి 1982లో రాసుకున్నది. అప్పట్లో నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు కొద్దిమందే, ఒకర్నొకరు నమ్మేవాళ్లే. అందుకని పంపినవాళ్ల పేరు నిజమా కాదా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. పైగా ఒక్కో మెయిల్‌కీ ఇద్దరు 'పంపినవాళ్లు' ఉంటారు. ఒకటి, ఒక సర్వర్ ఇంకో సర్వర్‌తో మాట్లాడేటప్పుడు చెప్పే ఐడీ. అది మనకి కనిపించదు. మెయిల్ చేరాక హెడర్లో రిటర్న్-పాత్ అనే లైనుగా మిగులుతుంది. రెండోది మనకి కనిపించే ఫ్రమ్ లైన్. ఈ రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు. ఫ్రమ్ లైన్లో మళ్లీ రెండు భాగాలు. ముందు పేరు, తర్వాత కోణపు బ్రాకెట్లలో ఐడీ. పేరు చోట పంపేవాడు ఏం కావాలంటే అది రాసుకోవచ్చు. అడిగే నాథుడు లేడు.

మీకొచ్చిన మెయిల్లో ఆ లైన్ ఇలా ఉంది (అసలు పేర్లు తీసేశాను):

ఫ్రమ్: "అకౌంట్స్@(కోయంబత్తూరు కంపెనీ).కామ్" <(ఎవరిదో పేరు, నాలుగు అంకెలు)@జీమెయిల్.కామ్>

వ్యాకరణం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కొటేషన్ గుర్తుల మధ్య ఏం రాసినా అది పేరే. అసలు ఐడీ బ్రాకెట్లలో ఉన్నది. ఆ జీమెయిల్ ఐడీ దొంగదే, మెయిల్ నిజంగా గూగుల్ సర్వర్ నుంచే వచ్చింది, అందుకే మూడు పరీక్షలూ పాస్. ఆ పరీక్షలు తేల్చేది ఒక్కటే: బ్రాకెట్లలో కనిపిస్తున్న డొమైన్ నిజంగా దీన్ని పంపిందా అని. ఆ డొమైన్ మీ సప్లయర్‌దేనా అన్న సంగతి వాటికి పట్టదు. ఇక మామయ్యగారు ఎందుకు మోసపోయారంటే, ఫోన్లో మెయిల్ యాప్‌లు చాలావరకు పేరు మాత్రమే చూపిస్తాయి, బ్రాకెట్లలోది దాచేస్తాయి. పేరు చోటే సరైన మెయిల్ ఐడీ కనిపిస్తే ఎవరు మాత్రం అనుమానిస్తారు? ఈ సంగతి ఆయనకి ఆయన ఫోన్లోనే చూపించండి. పేరు మీద నొక్కితే అసలు ఐడీ బయటికొస్తుంది. మీ కష్టం ఏమిటో చెప్పడానికి అంతకంటే మంచి దారి నాకు తోచడం లేదు.

ఇప్పుడు కాంట్రాక్టరు మెయిల్. దీని కథ పూర్తిగా తలకిందులు. దాని ఫ్రమ్ లైన్ నిజంగానే తప్పుగా రాసి ఉంది, కానీ పంపినవాళ్లు పెద్దమనుషులు. హెడర్లలో కామాకి ఒక పని ఉంది. ఒక ఐడీ అయిపోయింది, ఇంకో ఐడీ మొదలవుతోంది అని చెప్పడం. పేరులోనే కామా ఉంటే ఆ పేరు మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. వాళ్లు వాడేది ఏదో పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, అది ఆ గుర్తులు పెట్టడం లేదు. దాంతో కంపెనీ పేరు ఒక ఐడీగా, 'విశాఖపట్నం' దగ్గర నుంచి రెండో ఐడీగా కనిపిస్తోంది. మొదటిదాంట్లో @ లేదు కాబట్టి అది చెల్లని ఐడీ. ఇలాంటివాటిని స్పామ్‌లో పడేసే సర్వర్లున్నాయి, వెనక్కి తిప్పికొట్టేవీ ఉన్నాయి. అంటే మీ ఒక్కరికే కాదు, వాళ్ల మెయిళ్లు ఇంకెంతమందికి చేరడం లేదో. వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి: సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో పంపేవారి పేరులోంచి కామా తీసేయమనండి, లేదా కొటేషన్ గుర్తులు పెట్టమనండి. రెండు నిమిషాల పని. పోయిన ఆర్డరు తిరిగి రాదు కానీ, వచ్చే ఎంక్వయిరీకి మీ పేరు వాళ్లకి గుర్తుంటుంది.

కాబట్టి తప్పు ఎక్కడుందో చూద్దాం. హెడర్ చూడటం తప్పు కాదు. మీరు ఎంచుకున్న గుర్తులు కొన్ని సరైనవి కావు, అది మొదటిది. ఏ గుర్తు కనిపించినా డిస్కార్డ్ అని పెట్టడం రెండోది, నా లెక్కలో పెద్దది. కంట్రోల్ ప్యానెల్లో డిస్కార్డ్ అంటే మెయిల్ ఆనవాలు లేకుండా పోతుంది. మీ స్పామ్ ఫోల్డర్లో ఉండదు, ట్రాష్‌లో ఉండదు, పంపినవాళ్లకి తిరుగు మెయిల్ కూడా వెళ్లదు. అందుకే కాంట్రాక్టరు రెండుసార్లు పంపి మీకు అందిందనే అనుకున్నాడు.

మీ గుర్తుల్లో అన్నిటికంటే అన్యాయమైనది 'అర్థంకాని గుర్తులు' అన్నది. ఈక్వల్, క్వశ్చన్ మార్క్‌తో మొదలై గజిబిజిగా సాగే ఆ పేర్లు ఇంగ్లిష్ కాని అక్షరాలని హెడర్లో మోసుకెళ్లడానికి 1996లో ఖాయం చేసిన పద్ధతి. ఎవరైనా తమ పేరు తెలుగులో పెట్టుకుని పద్ధతిగా మెయిల్ పంపితే లోపల అది సరిగ్గా అలాగే ఉంటుంది. మీ ఫిల్టర్ తెలుగు పేర్లవాళ్లందరినీ గుమ్మం బయటే ఆపేసిందన్నమాట. ఆ పద్ధతి పాటించకుండా అక్షరాలని నేరుగా కుక్కితే అది తప్పు హెడర్. అదీ బద్ధకపు సాఫ్ట్‌వేర్ పనే ఎక్కువసార్లు. కామా కూడా అంతే. పెద్ద కంపెనీల్లో ఇంటిపేరు, కామా, పేరు అని పెట్టుకోవడం మామూలు. కొటేషన్ గుర్తుల మధ్య ఉంటే అది తప్పే కాదు. రిటర్న్-పాత్ వేరుగా ఉన్నా కంగారు పడొద్దు. ఒకేసారి వేలమందికి మెయిళ్లు పంపే సర్వీసులన్నీ తిరిగొచ్చే మెయిళ్ల కోసం వేరే ఐడీ పెట్టుకుంటాయి.

రిప్లై-టూ మాత్రం కాస్త ఆలోచించాల్సింది. కస్టమర్ కేర్‌ల మెయిళ్లలో, టెండర్ నోటీసుల్లో అది వేరుగా ఉండటం మామూలే. కానీ ఫ్రమ్‌లో సప్లయర్ అసలు ఐడీ ఉండి, రిప్లై-టూలో ఏదో ఉచిత ఐడీ ఉండి, లోపల డబ్బు మాట ఉంటే అది దొంగ పని అనే అనుకోండి. మీరు 'ఇది నిజమేనా' అని రిప్లై కొడితే ఆ రిప్లై వాడికే వెళ్తుంది, వాడే 'అవును, నిజమే' అంటాడు.

కావాలని చేసే వంకర వేరేగా ఉంటుంది. ఒకే మెయిల్లో రెండు ఫ్రమ్ లైన్లు ఉండటం అందులో ముఖ్యమైనది. నియమం ప్రకారం ఫ్రమ్, తేదీ అన్నవి ప్రతి మెయిల్లో తప్పనిసరిగా ఉండాలి, ఒక్కొక్కసారే ఉండాలి. రెండు ఫ్రమ్‌లు పెడితే పరీక్ష చేసే సర్వర్ ఒకటి చూస్తుంది, మీ మెయిల్ యాప్ ఇంకోటి చూపిస్తుంది, ఆ సందులోంచి దూరుతారు. ఇలాంటి మెయిల్ మంచివాళ్ల దగ్గర నుంచి రావడం చాలా అరుదు, దాన్ని ఆపేయొచ్చు. ఇంకోటి, మీ కంపెనీ సొంత డొమైన్ పేరుతోనే బయటి నుంచి వచ్చి పరీక్షల్లో ఫెయిలైన మెయిల్. మామయ్యగారి పేరుతో మీకే 'అర్జెంటుగా పంపు' అని వచ్చేవి ఈ రకమే. అక్షరాల మాయ సరేసరి. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే కనిపిస్తాయి. కామ్ ఉండాల్సిన చోట కో ఉంటుంది. డొమైన్‌ని ఒక్కో అక్షరం చదవడం తప్ప దీనికి మందు లేదు.

మెసేజ్-ఐడీ (ఒక్కో మెయిల్‌కి ఉండే గుర్తింపు నంబర్) లేకపోవడం, తేదీ రేపటిదో ఎల్లుండిదో ఉండటం, కోయంబత్తూరు నుంచి రావాల్సిన మెయిల్ టైమ్ పక్కన +0530 బదులు ఇంకేదో దేశం లెక్క ఉండటం, ఇవన్నీ అనుమానాలే. ఏదీ ఒంటరిగా రుజువు కాదు.

రిసీవ్డ్ అనే లైన్ల గురించి అడిగారు. లారీ వేబిల్లు మీద ఒక్కో చెక్‌పోస్టు దగ్గరా ముద్ర పడినట్టు, మెయిల్ దాటిన ప్రతి సర్వరూ ఒక లైన్ రాస్తుంది. కొత్తది పైన చేరుతుంది కాబట్టి ప్రయాణం కింది నుంచి పైకి చదవాలి. కానీ నమ్మకం పై నుంచి కిందికి. అన్నిటికంటే పైన ఉన్నది మీ సర్వర్ రాసినది, అది నిజం. కిందికి పోయేకొద్దీ పంపినవాడే ముందుగా రాసిపెట్టుకున్న అబద్ధాలు ఉండొచ్చు. పరీక్షల ఫలితాలు రాసి ఉండే లైనుకీ ఇదే వర్తిస్తుంది. మీ సర్వర్ పేరుతో ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇవన్నీ చూడటానికి జీమెయిల్ అయితే కంప్యూటర్ బ్రౌజర్లో మెయిల్ తెరిచి, మూడు చుక్కల మీద నొక్కి 'షో ఒరిజినల్' అనాలి. ఫోన్ యాప్‌లో ఆ సదుపాయం లేదు. మీ హోస్టింగ్ వెబ్‌మెయిల్లో 'షో సోర్స్' అనో 'హెడర్స్' అనో ఉంటుంది. ఒక జాగ్రత్త: మెయిల్‌ని మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్ పోతుంది. ఎవరికైనా చూపించాలంటే మెయిల్‌ని ఫైలుగా దించి పంపాలి. కాంట్రాక్టరు మెయిల్ విషయంలో మీరు అలాగే చేశారు, లేకపోతే ఆ కామా సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

ఇక ఫిల్టర్లని ఏం చేయాలి? మీ ముందు కొన్ని దారులున్నాయి, ఏదీ ఉచితం కాదు.

బావగారన్నట్టు అన్నీ తీసేస్తే ఏ ఎంక్వయిరీ పోదు. కానీ చెత్తంతా ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. రోజంతా చెత్త చూసిన కళ్లు సాయంత్రానికి కామానీ చుక్కనీ పట్టుకోలేవు. పైగా ఆయన మాటల్ని బట్టి చూస్తే మెయిళ్లు ఆయనే చూస్తారట. చూడనివ్వండి, ఒక నెల. ఇది ఎత్తిపొడుపుగా అనడం లేదు. ఆ పని ఎంతో ఇద్దరికి తెలిసి ఉండటం మీకే మంచిది.

డిస్కార్డ్ తీసేసి 'ఫెయిల్ విత్ మెసేజ్' పెడితే నిజమైన కస్టమర్‌కి మెయిల్ చేరలేదని తెలుస్తుంది, ఫోన్ చేస్తాడు. బాగానే ఉంది. కానీ దొంగ మెయిళ్లలో పంపినవాళ్ల ఐడీ దొంగది కదా, మీ తిరుగు మెయిల్ ఏ సంబంధమూ లేని మూడో మనిషికి వెళ్లి పడుతుంది. అలాంటివి ఎక్కువైతే మీ సర్వరే స్పామ్ పంపుతోందని ఎవరైనా బ్లాక్‌లిస్టులో పెట్టొచ్చు. మీ కొటేషన్లకి అది కొత్త తలనొప్పి.

అనుమానం ఉన్నవాటిని వేరే ఫోల్డర్లోకి మళ్లించడం ఇంకో దారి. పొద్దున ఒకసారి, సాయంత్రం షట్టర్ వేసేముందు ఒకసారి ఆ ఫోల్డర్ తెరిచి చూడాలి. చూడకపోతే అదీ డిస్కార్డ్ లాంటిదే, కాకపోతే నిదానంగా. చూసే పని ఎవరిదో పేరు పెట్టి రాసుకోండి. 'ఎవరో ఒకరు చూస్తారులే' అంటే ఎవరూ చూడరు. నేనైతే దీనివైపే మొగ్గుతాను.

ఒక్క గుర్తుకే శిక్ష వేసే ఫిల్టర్ల బదులు మార్కులు వేసే ఫిల్టర్ వాడుకోవడం కూడా కుదురుతుంది. మీ కంట్రోల్ ప్యానెల్లో స్పామ్ అసాసిన్ అనేది ఉందేమో చూడండి, చాలా హోస్టింగ్‌లలో ముందే ఉంటుంది. 2001లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పేరు తేడాగా ఉంటే కొన్ని మార్కులు, మెసేజ్-ఐడీ లేకపోతే కొన్ని, తేదీ తప్పైతే కొన్ని కలుపుతుంది. మంచి గుర్తులుంటే తగ్గిస్తుంది. మామూలుగా మొత్తం 5కి చేరితే స్పామ్ అని ముద్ర వేస్తుంది. ఏ కారణానికి ఎన్ని మార్కులు పడ్డాయో హెడర్లోనే రాస్తుంది కాబట్టి, రేపు ఎవరైనా 'ఈ మెయిల్ ఎందుకు ఆగింది' అని అడిగితే మీ దగ్గర జవాబు ఉంటుంది. తెలిసిన కస్టమర్లకి వైట్‌లిస్ట్ (ఆపకుండా వదిలేయాల్సినవాళ్ల జాబితా) పెట్టుకోవచ్చు, కానీ ఫ్రమ్‌లో పేరు చూసి వదిలేసే వైట్‌లిస్ట్ పెట్టకండి. ఆ పేరు దొంగ కూడా రాయగలడు. పరీక్షల్లో పాసైతేనే వదిలే రకం ఉంటుంది, అది అడగండి.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. మీ కంపెనీ ఐడీ నుంచి మీ సొంత జీమెయిల్‌కి ఒక మెయిల్ పంపి, షో ఒరిజినల్ నొక్కి చూడండి. మీరు పంపిన కాపీల్లో మీ రిప్లై హెడర్ ఒకటి కూడా ఉంది. మీ డొమైన్‌కి డీకిమ్ సంతకం లేదు, డీమార్క్ అసలే లేదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంది. మామూలుగా పంపేవాళ్లకి కూడా ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఒకటి ఉండాలంటోంది. రోజుకి 5,000కి పైగా పంపేవాళ్లకైతే మూడూ కావాలి. మీకు ఎస్‌పీఎఫ్ ఉంది కాబట్టి బండి నడుస్తోంది. హోస్టింగ్ వాళ్లకి టికెట్ (సర్వీసు రిక్వెస్ట్) పెట్టి మిగతా రెండూ పెట్టించండి. లేకపోతే మీ మామయ్యగారి పేరుతో మీ కస్టమర్లకి ఎవరైనా కొత్త అకౌంట్ నంబర్ పంపితే ఆపే దిక్కు ఉండదు. డీమార్క్‌ని మొదట 'ఏమీ చేయొద్దు, రిపోర్టులు మాత్రం పంపు' అన్న స్థాయిలో పెట్టి, అన్నీ సరిగా వెళ్తున్నాయని చూసుకున్నాక గట్టి చేయాలి. మొదటి రోజే గట్టిగా పెడితే మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే మెయిళ్లు మీ నియమం వల్లే ఆగిపోవచ్చు.

డబ్బు సంగతికొస్తే, హెడర్ మీద ఆధారపడటం మానేయండి. కోయంబత్తూరు కంపెనీ అసలు మెయిల్‌బాక్స్ పాస్‌వర్డే దొంగ చేతిలో పడిందనుకోండి. అప్పుడు ఫ్రమ్ సరైనది, పరీక్షలన్నీ పాస్, పాత మెయిళ్ల కిందే రిప్లై వస్తుంది, బిల్లు నంబర్ కూడా సరిగ్గా ఉంటుంది. హెడర్లో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బ్యాంకు అకౌంట్ మారిందని ఎవరు చెప్పినా, ఎంత శుభ్రంగా చెప్పినా, పాత బిల్లు మీదున్న నంబర్‌కి ఫోన్ చేసి, మీకు గొంతు తెలిసిన మనిషితో మాట్లాడాకే మార్చాలి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబర్‌కి చేయకూడదు. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు జమ అయ్యేది అకౌంట్ నంబర్ చూసే, పేరు కలిసిందా లేదా అని కాదు. పంపేముందు ఖాతాదారు పేరు చూపించే సదుపాయం 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులన్నీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మీ నెట్ బ్యాంకింగ్‌లో కొత్త పేరు చేర్చేటప్పుడు అది వాడండి. పేరు కలిసినా ఫోన్ మాత్రం మానొద్దు. ఎప్పుడైనా పొరపాటున డబ్బు వెళ్లిపోతే ఎవరు చేశారన్న పంచాయితీ తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి చెప్పాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఇంకో అకౌంట్‌కి, అక్కడి నుంచి ఇంకోదానికి పోతుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. పోయిన ఆర్డరు అందరికీ కనిపిస్తోంది, పోని నాలుగు లక్షలు ఎవరికీ కనిపించడం లేదు. అది మీ ఇంట్లోనే కాదు, ఎక్కడైనా ఉన్నదే. అయితే మామయ్యగారి కోపానికి ఇంకో కారణం ఉండొచ్చు. మీరు ఫిల్టర్లు పెట్టిన సంగతి ఆర్డరు పోయాకే ఆయనకి తెలిసిందని మీరే రాశారు. వ్యాపారం ఆయనది. వచ్చే ఎంక్వయిరీల్లో కొన్ని ఆయన కంటపడకుండానే పోయే ఏర్పాటు ఆయనకి చెప్పకుండా జరిగింది. ఆ ఒక్క ముక్క మీరు ముందుగా ఒప్పుకుంటే మిగతాది మాట్లాడటం సులువవుతుంది. బావగారు లేనప్పుడు, మధ్యాహ్నం కస్టమర్లు పల్చబడ్డాక కూర్చోండి. వాళ్లిద్దరి ముందూ ఒకేసారి మాట్లాడితే అది తండ్రీకొడుకుల వాదన అయిపోతుంది, మీరు మధ్యలో మిగులుతారు.

ఆయన్ని అడగాల్సింది క్షమాపణో మెచ్చుకోలో కాదు, కాగితం మీద రెండు మూడు నిర్ణయాలు. అకౌంట్ నంబర్ మార్పుకి ఎవరు ఫోన్ చేస్తారు, ఎవరు ఓకే అంటారు. అనుమానం ఫోల్డర్ ఎవరు చూస్తారు, మీరు సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారు. లక్ష దాటిన పేమెంట్‌కి రెండో మనిషి ఓటీపీ ఉండాలా వద్దా. మెయిళ్లూ మీరే, పేమెంట్లూ మీరే అయితే ఏది జరిగినా నింద మీ మీదే పడుతుంది. బావగారికి సాఫ్ట్‌వేర్ తెలుసు కాబట్టి డీకిమ్, డీమార్క్ పని ఆయనకి అప్పజెప్పమనండి. హోస్టింగ్ వాళ్లతో పది రోజులు టికెట్ల మీద టికెట్లు నడిపాక, మెయిళ్లు చూస్తే తెలీదా అన్న మాట ఆయన నోట మళ్లీ రాకపోవచ్చు. రావొచ్చు కూడా, అది మనిషిని బట్టి.

మీవారి మాటని కొట్టిపారేయను. ఆయన చూస్తున్నది మీరు ఇంటికి తెచ్చే ముఖాన్ని. కానీ ఈ కోపంలో మానేస్తే గాజువాకలో ఈ లైన్లో అందరికీ అందరూ తెలుసు, 'ఆర్డరు పోగొట్టి వెళ్లిపోయింది' అన్న మాటే మిగులుతుంది. పైన చెప్పిన నిర్ణయాలు అడిగి చూడండి. మామయ్యగారు కాగితం మీద పెడితే ఉండండి. 'అదంతా ఎందుకమ్మా, చూసుకుందాంలే' అని దాటేస్తే, బాధ్యత అంతా మీది, అధికారం ఏదీ మీది కాదు అని అర్థం. అప్పుడు వేరే చోట చూసుకోవడంలో తప్పు లేదు. మీకున్న చూపు సీతమ్మధారలోనో ద్వారకానగర్‌లోనో ఏ ఆడిటర్ ఆఫీసుకైనా పనికొస్తుంది.

ఒకవేళ వెళ్లాలనే అనుకుంటే, వెళ్లేముందు ఫిల్టర్ల జాబితా, కంట్రోల్ ప్యానెల్ పాస్‌వర్డ్, డొమైన్ ఎప్పుడు రెన్యూ చేయాలో ఆ తేదీ ఒక కాగితం మీద రాసి మామయ్యగారి చేత సంతకం పెట్టించుకుని ఇవ్వండి. కంపెనీ మెయిల్‌కి రికవరీ నంబర్‌గా మీ సొంత ఫోన్ ఉందని రాశారు. అది ఆ రోజే మార్పించండి.